కారేపల్లిలో ఒక పుస్తకాల బీరువా

డోర్నకల్ నుండి భద్రాచలం రోడ్డుకు సాగే రైలుమార్గం కారేపల్లి వద్ద చీలి, ఒక పాయ ఇల్లెందుకు పోతుంది. ఊరిపేరు కారేపల్లి, మండలం పేరు సింగరేణి. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతంలోనే బొగ్గు జాడ గుర్తించారు. సింగరేణి గ్రామం పేరే తరువాత గనుల సంస్థకు స్థిరపడింది.

బంధువుల ఇంట వలీమాకు మేము సకుటుంబంగా అక్కడికి వెళ్లాము. మరునాడు అసర్ నమాజు అనంతరం ఇంటి పెద్దాయన తన బీరువా తెరిచి చూపారు. అందులో వారి తండ్రిగారి నాటి ఉర్దూ పుస్తకాలున్నాయి. కొన్నింటి అంచులను చెదలు తినివేశాయి.

"పిల్లలు వీటిని ఫోనులో ఎక్కించి భద్రపరుస్తామంటున్నారు. మంచిదే. కాని చదివేదెవరు?" అన్నారాయన.

ఆ ఇంటి పిల్లలు ఉర్దూ చక్కగా మాట్లాడతారు, లిపి మాత్రం ఎరుగరు. పదవ తరగతి చదివే మనవరాలి ఇబ్బంది వేరు. ఇంట్లో ఉన్న ఒకే ఒక స్మార్ట్‌ఫోను ఉదయమే తండ్రితో పాటు పనికి వెళ్లి, ఇషా వేళకు తిరిగి వస్తుంది.

హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1935లో పెదపాలెం సేవాశ్రమం వారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట పల్లెలకు చేర్చారు. మన కాలంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు లక్షలాది గ్రంథాలను స్కాన్ చేయించాయి. ఇది గొప్ప సేవ. అయితే ఆ గ్రంథాలు పల్లెలోని బాలిక చేతికి అందాలంటే ఊళ్లో ఒక గది, ఒక కంప్యూటర్, దారి చూపే ఒక మనిషి ఉండాలి. నాడు పడవ చేసిన పని నేడు గ్రంథాలయం చేయాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమూ చెల్లిస్తున్నాము గనుక, ఈ సదుపాయం కోరే హక్కు మనకున్నది.

హిరా గుహలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి అందిన తొలి ఆదేశం 'ఇఖ్రా'. బద్ర్ యుద్ధ ఖైదీలలో అక్షరజ్ఞానం గలవారికి, పిల్లలకు చదువు నేర్పడమే విడుదల పరిహారమైంది. మన పూర్వీకులు పొలాలు, బావులతో పాటు పుస్తకాలను కూడా వక్ఫ్ చేశారు.

ఆ రాత్రి పెద్దాయన ఒక నిర్ణయానికి వచ్చారు. బీరువాను మస్జిద్ పక్కగదికి తరలిస్తారు, రోజూ మగ్రిబ్ తరువాత పిల్లలకు అలిఫ్, బే నేర్పుతారు. తెలుగు ఇస్లామీయ సాహిత్యం, పాఠ్యపుస్తకాలు పంపే బాధ్యత మేము స్వీకరించాము.

అంతవరకు మౌనంగా విన్న మనవరాలు అడిగింది: "దాదా, ఆడపిల్లలం కూడా రావచ్చా?"

ఆయన కొంతసేపు ఆలోచించారు. "ఆ గదికి వీధివైపు ఇంకో తలుపుంది బేటీ. ఏళ్లుగా మూసి ఉంది. రేపు తెరిపిస్తాను" అన్నారు.

మన ఊళ్లలో మూతపడిన అటువంటి తలుపులన్నీ తెరిచే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.