కొలిచి చూసిన వేడినీళ్లు

నీళ్లు నింపిన హాట్ టబ్ మామూలు కారుకంటే బరువుంటుంది. పాత టబ్ కొనేవాళ్లు ధర అడుగుతారు, ఎంతమంది కూర్చోవచ్చో అడుగుతారు, లైట్లు వెలుగుతున్నాయా అని అడుగుతారు. బరువు సంగతి ఎవరూ ఎత్తరు. మొదట అడగాల్సింది అదేనని నాకు చెప్పింది మా పక్కింటి పెద్దాయన. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. లెక్క కాగితం మీద వేయించారు. మా టబ్‌లో 350 గాలన్లు పడతాయి. గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. అంటే నీళ్లే 2,900 పౌండ్లు దాటుతాయి. ఖాళీ టబ్ ఇంకో 800, అయిదుగురు కూర్చుంటే మరో 800. మొత్తం 4,500 పౌండ్లు, మన లెక్కలో రెండు టన్నుల పైమాటే. ఇంటి వెనక ఉన్న చెక్క డెక్ మీద పెడదామన్న మాట అక్కడితో పోయింది. పెరట్లో నేల చదును చేయించి, కంకర పరిపించి, 4 అంగుళాల మందాన కాంక్రీటు పోయించాం.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో. ఇక్కడ ఇల్లు మారేవాళ్లు పాత హాట్ టబ్‌ని కొత్త ఇంటికి మోసుకుపోవడం ఇష్టంలేక తక్కువ ధరకి ఇచ్చేస్తుంటారు. మాదీ అలా వచ్చిందే. ఆ ఏడు అమ్మ తెనాలి నుంచి వచ్చి చలికాలం కూడా మా దగ్గరే ఉంటానంది. మోకాళ్ల నొప్పులు. పొద్దున లేవగానే నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. తెనాలిలో అయితే కాగులో నీళ్లు మరిగించి, మోకాళ్ల మీద చెంబులతో పోసుకునేది. ఇక్కడి షవరు కింద ఆ సుఖం లేదనేది. టబ్ కొనాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

అసలు ఈ టబ్బుల పుట్టుకే ఒక పిల్లాడి కీళ్ల నొప్పి. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకి వలస వచ్చిన జకూజీ అన్నదమ్ములు మొదట్లో విమానాల ప్రొపెల్లర్లు, తర్వాత వ్యవసాయానికి నీటి పంపులు చేసేవారు. వాళ్లలో కాండిడో కొడుకు కెన్నెత్‌కి పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో నీటి చికిత్స చేయించేవారు. అది ఇంట్లోనే దొరకాలని ఆ తండ్రి స్నానపు తొట్టిలో దించే పంపు తయారుచేశాడు. 1956లో దాన్ని అమ్మకానికి పెట్టారు. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ పంపునీ తొట్టినీ కలిపి ఒకే వస్తువుగా తెచ్చాడు. విలాసవస్తువుగా పేరుపడ్డది మందుగా మొదలైందని తెలిశాక, దాన్ని ఇంటికి తేవడంలో నాకున్న మొహమాటం పోయింది.

తేవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టబ్‌ని పక్కకి నిలబెట్టి, కింద పీవీసీ గొట్టాలు దొర్లిస్తూ, ఆరుగురు స్నేహితులు సాయం పడితే ట్రక్కెక్కింది, దిగింది.

కరెంటు మాత్రం నిదానంగా చేయించాల్సిన పని. ఇలాంటి పెద్ద టబ్‌లకి 240 వోల్టులు, 50 ఆంపియర్ల లైను కావాలి. రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్తు, మొత్తం నాలుగు తీగలు. టబ్ దగ్గరినుంచి చూస్తే కనిపించేచోట, కనీసం 5 అడుగుల దూరంలో ఆపేసే స్విచ్చు ఉండాలి. లైనుకి జీఎఫ్‌సీఐ బ్రేకరు తప్పనిసరి. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 5 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చినా అది లైను తెంచేస్తుంది. ఆ తేడా కరెంటు మనిషి ఒంట్లోంచి పోతూ ఉండొచ్చు కదా. పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పని చేయించి, ఇన్‌స్పెక్టరు చూసి సరేనన్నాకే నీళ్లు పట్టాం. ఈ ఖర్చు టబ్ ధరకంటే ఎక్కువైంది. అయినా నీళ్లూ కరెంటూ కలిసే చోట మిగిల్చే డాలరు నాకొద్దు.

నీళ్లు పట్టాక మూడు తిప్పలు వరుసగా వచ్చాయి.

మొదటిది లీకు. ఎంతోకాలం ఖాళీగా ఉన్న టబ్‌లో రబ్బరు రింగులు ఎండిపోతాయి. మోటారుకి గొట్టం కలిసే యూనియన్ దగ్గర సన్నగా కారింది. రింగు మార్చి, సిలికాన్ గ్రీజు రాసి బిగిస్తే ఆగింది. వాజలీన్‌లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కంటికి కనపడని లీకయితే మోటారు ఆపి, నీటిమట్టం దగ్గర గీత పెట్టి వదిలేయాలి. నీళ్లు దిగి దిగి ఏ ఎత్తులో ఆగితే, లీకు ఆ ఎత్తులో ఉన్నట్టు. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఏమీ విప్పకుండానే నీళ్లే చోటు చూపిస్తాయి.

రెండోది, తెర మీద నీళ్లు పారడం లేదన్న గుర్తు. ఫిల్టరు తీసేసినా అదే గుర్తు వచ్చిందంటే మోటారులో గాలి చిక్కుకుందన్నమాట. కరెంటు ఆపి, యూనియన్ కొద్దిగా వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీళ్లు చిమ్మాయి. మళ్లీ బిగించాం. టబ్ నింపేటప్పుడే నీళ్ల గొట్టం ఫిల్టరుండే గూట్లో పెట్టి నింపితే ఈ చిక్కు చాలావరకు రాదు.

మూడోది అసలైన చిక్కు. టబ్ బాగా నడిచేది, నీళ్లు వేడెక్కడం మొదలయ్యేసరికి బ్రేకరు పడిపోయేది. చూసినవాళ్లంతా తలొక మాట చెప్పారు. బ్రేకరు పోయిందన్నారొకరు. సర్క్యూట్ బోర్డు మార్చమన్నారింకొకరు. మొత్తం వదిలేసి కొత్తది కొనుక్కోమన్నారు మరొకరు. పక్కింటి పెద్దాయన మాత్రం ఏమీ చెప్పలేదు. "కొలిచావా?" అని అడిగి మల్టీమీటరు చేతిలో పెట్టారు.

మెయిన్ ఆపి, అందులో కరెంటు లేదని మీటరుతో చూసుకుని, భాగాలు ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోయాం. ఓజోన్ పరికరం తీసేసి పెట్టాం, బ్రేకరు పడింది. పెద్ద మోటారు తీసేసి పెట్టాం, మళ్లీ పడింది. హీటరు తీగలు విప్పి పెడితే తెల్లవార్లూ నడిచింది. దొంగ ఎవరో తేలింది గానీ, సాక్ష్యం కూడా కావాలన్నారు పెద్దాయన. హీటరు 5.5 కిలోవాట్లది. 240ని 240తో హెచ్చించి 5,500తో భాగిస్తే దాని నిరోధం పదిన్నర ఓములు రావాలి. రెండు కొసల మధ్య కొలిస్తే సరిగ్గా అంతే ఉంది. అంటే తీగ బాగానే ఉంది. తర్వాత ఒక కొసకీ, బయటి లోహపు గొట్టానికీ మధ్య కొలిచాం. అక్కడ అసలు దారి ఉండకూడదు. మీటరు దారి ఉందని చూపించింది. విప్పి చూస్తే ఎలిమెంటు పైతొడుగు మీద గుండుసూది మొనంత గుంటలు. వాటిలోంచి నీళ్లు లోపలికి చేరి కరెంటు బయటికి పోతోంది. బ్రేకరు తన పని తాను చేస్తోంది. బ్రేకరుదే లోపమనుకుని దాన్ని మార్చి ఉంటే, మమ్మల్ని కాపాడుతున్నదాన్నే అనుమానించినట్టయ్యేది.

ఆ గుంటలు ఎందుకు పడ్డాయన్నది నన్ను చాలా ఆలోచింపజేసింది. టబ్‌తోపాటు పాత యజమాని ఒక మందుల డబ్బా ఇచ్చాడు. అందులో ఈతకొలనులో వేసే ట్రైక్లోర్ బిళ్లలున్నాయి. అవి గట్టి ఆమ్లగుణం ఉన్నవి. వేల గాలన్ల కొలనులో అవి చేసే హాని తెలియదు, మూడువందల గాలన్ల వేడినీళ్లలో పీహెచ్ పడిపోయి లోహాన్ని తింటాయి. అంటే ఆ హీటరుని చంపింది కరెంటు కాదు, నీళ్లు. అప్పటిదాకా నేను హాట్ టబ్ అంటే మోటారు, హీటరు, గొట్టాలు అనుకున్నాను. కొత్త హీటరు బిగించిన రోజునుంచి, చూసుకోవాల్సింది నీళ్లని అని నా బుర్రకెక్కింది. యంత్రం ఆ నీళ్లకి పనిమనిషి మాత్రమే.

వేడినీళ్లు మనకెంత సుఖమో సూక్ష్మజీవులకీ అంతే సుఖం. పాత టబ్ గొట్టాల లోపలి గోడలకి పాచిలాంటి జిగురు పొర పట్టి ఉంటుంది. టబ్ ఖాళీ చేసినా గొట్టాల వంపుల్లో కాస్త నీరు మిగులుతుంది గనుక ఆ పొర చావదు. లీజనెల్లా బాక్టీరియాకి అది కోట. బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో, అమ్మకానికి చూపించేందుకు నీళ్లు నింపి పెట్టిన టబ్ నుంచే ఈ జబ్బు వ్యాపించి ముప్ఫైమందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ టబ్‌లో దిగలేదు, పక్కనుంచి నడిచి వెళ్లారంతే. ఇది చదివాక అమ్మని ఆ నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. గొట్టాలు కడిగే మందు వేసి జెట్లన్నీ తిప్పితే గోధుమరంగు నురగ కక్కింది. నురగ తెల్లబడేదాకా నింపడం, తిప్పడం, పారబోయడం.

ఇప్పుడు మా ఇంట్లో చుక్కల పరీక్ష పెట్టె వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం ఉండాలి, పీహెచ్ 7.0కీ 7.8కీ మధ్య ఉండాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే అంకెలివి. ముక్కుపుటాలదిరే క్లోరిన్ వాసన వస్తే మందు ఎక్కువైందని మనం అనుకుంటాం. చెమటతోనూ మురికితోనూ కలిసి పని అయిపోయిన క్లోరిన్ వేసే వాసన అది. అంటే మందు చాలలేదన్నమాట. ముక్కుని నమ్మి మందు తగ్గించేవాళ్లని చూశాను. చుక్కలు వేసి చూస్తే తేలిపోయే సంగతిది.

మన తెలుగిళ్లకి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజున టబ్‌లోకి దిగకూడదు. నూనె క్లోరిన్‌ని తినేస్తుంది, ఫిల్టరు మడతల్లో దిగబడుతుంది, నీటిమట్టం దగ్గర జిడ్డు గీత కడుతుంది. మా ఇంటికొచ్చే ఎవరైనా సరే, సబ్బుతో స్నానం చేశాకే టబ్‌లోకి. పెద్దవాళ్లకి ఈ మాట చెప్పడం నాకు మొదట్లో కష్టంగా ఉండేది. అమ్మే చెప్పడం మొదలుపెట్టింది. "కోనేట్లో దిగేముందు కాళ్లు కడుక్కోమా? ఇదీ అంతే" అని వచ్చినవాళ్లని బాత్రూమువైపు పంపించేది.

వేడి గురించి కూడా కొలతే మాట్లాడింది. 5.5 కిలోవాట్ల హీటరు, 350 గాలన్లు అంటే, మూత వేసి ఉంటే గంటకి ఆరు డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పెరగాలి. 55 డిగ్రీల చన్నీళ్లు 104కి చేరడానికి సుమారు ఎనిమిది గంటలు. కొత్త హీటరు పెట్టాక గంటగంటకీ థర్మామీటరు ముంచి చూశాను. లెక్క తప్పలేదు. పాత మూత మాత్రం లోపలి ఫోము నీళ్లు పీల్చుకుని ఇద్దరం పట్టినా లేవనంత బరువైంది. తడిసిన ఫోము వేడిని ఆపదు. కొత్త మూత కొన్నాక కరెంటు బిల్లులో తేడా తెలిసింది.

104 అన్నది తయారీదారుల ఇష్టానికి వదిలేసిన అంకె కాదు. అంతకన్నా వేడి నీళ్లలో కూర్చుని మనుషులు చనిపోయాకే అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఆ హద్దు గీసింది. అది కూడా ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి. అమ్మకి బీపీ మాత్రలున్నాయి. వేడినీళ్లలో రక్తనాళాలు సాగి బీపీ ఇంకా పడుతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. డాక్టరుని అడిగితే 100 డిగ్రీలు దాటొద్దు, పావుగంట చాలు, లేచేటప్పుడు ముందు గట్టు మీద కాసేపు కూర్చుని తర్వాత నిలబడమన్నారు. గర్భిణులైతే డాక్టరు సలహా లేకుండా దిగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలు అసలు దిగకూడదు.

అమ్మ మొదటిరోజు పాత చుడీదారు వేసుకుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని దిగింది. బయట మంచు, మెడదాకా వెచ్చటి నీళ్లు. నీళ్లలో ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు గనుక కాళ్లు రెండూ చాపి, ముడిచి, మళ్లీ చాపింది. "ఇది నాకు ముందే ఎందుకు చూపించలేదురా?" అంది. జెట్లు ఆపేయమంది, ఆ చప్పుడు వద్దట. అప్పటినుంచి సాయంత్రం పూట ఆ పావుగంట మా ముగ్గురిదీ. ఫోన్లు లోపలే ఉండేవి. నాన్న పెళ్లినాటి సంగతులు, నేనెన్నడూ వినని మేనత్తల తగాదాలు, తెనాలి కాలవగట్టు ఇంటి అద్దె, అన్నీ ఆ నీళ్లలోనే విన్నాను. నొప్పి పూర్తిగా పోయిందని అనను. పొద్దున గోడ పట్టుకోవడం తగ్గింది. ఆ తగ్గడం కోసం నేను ఇంకో పాత టబ్‌ని ఇంకోసారి మొదటినుంచీ బాగుచేయమన్నా చేస్తాను.

పాత టబ్ కొనాలనుకుంటున్నవాళ్లు అమ్మేవాళ్లింట్లో దాన్ని నీళ్లతో, వేడితో నడుస్తుండగా చూసి కొనండి. డబ్బు చేతిలో పెట్టేముందే మల్టీమీటరు, చుక్కల పరీక్ష పెట్టె కొనుక్కోండి. బ్రేకరు మీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడండి. ఇంట్లో గానీ పక్కింట్లో గానీ చిన్నపిల్లలుంటే, తాళం పడే మూత వచ్చిన తర్వాతే టబ్‌లో నీళ్లు పట్టండి.