ఫారంలో ఆ కాలమ్ లేదు

పర్యవేక్షణ అనే మాటను విడదీస్తే పరి, అవేక్షణ. అన్ని వైపులా చూడటం. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, మాటల దగ్గర ఆగడం అలవాటు. మన ప్రభుత్వ వ్యవస్థలో మాత్రం ఆ చూపు ఒక్కవైపే ఉంటుంది. పైనుంచి కిందికి. ఫారం నింపావా, ఫొటో పెట్టావా, యాప్‌లో ఎక్కించావా. వెళ్లిన ఇంట్లో నీకేం జరిగిందని అడిగే పర్యవేక్షణ కూడా ఒకటుంది. దాన్ని రిఫ్లెక్టివ్ సూపర్విజన్ అంటారు. అది మనకెందుకు కావాలో ముందు చెప్తాను.

మా చిన్నమ్మ ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పైన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. సంచిలో థర్మామీటరు, గడియారం, గుడ్డ ఊయల తగిలించే తక్కెడ. ఒంటి వేడి చూడాలి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి, తూచాలి. ఆరుసార్లూ పూర్తయితే కేంద్రం మార్గదర్శకాల ప్రకారం 250 రూపాయలు.

ఊళ్లో ఒక ఇంట్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. మూడో రోజు తూచి, గుడ్డలో చుట్టి తల్లికి ఇచ్చి వచ్చింది. గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్తే, నాయనమ్మ ఆ పసిగుడ్డుకు నీళ్లు పోస్తోంది. మాదిగామె ముట్టుకుందని. తక్కువ బరువు బిడ్డకు తొందరపడి స్నానం చేయించొద్దు, ఒళ్లు చల్లబడితే ప్రాణం మీదికొస్తుందని అంతకు కాసేపటి ముందే ఆ ఇంట్లో చెప్పి వచ్చింది ఆవిడే.

ఆ రోజు నుంచి ఊళ్లో ఇళ్లలో చిన్నమ్మ బిడ్డల్ని ముట్టుకోవడం మానేసింది. తక్కెడ చేతికిచ్చి "మీరే పెట్టండమ్మా" అంటుంది. ఊయల సరిగా తగిలించారో లేదో, బిడ్డ కాలు మంచానికి ఆనిందో లేదో, కనిపించిన అంకె రాసుకుంటుంది. తను తాకితే బిడ్డకు నీళ్లు పోస్తారు, తాకకపోతే లెక్క తప్పుతుంది. రెంటిలో బిడ్డకు ఏది తక్కువ ప్రమాదమో అరుగు మీద నిలబడి ఒక్కతే తేల్చుకుంది. ఆ ఫారాలన్నీ పీహెచ్‌సీకి చక్కగా నిండి వెళ్లాయి. ఆశా డే నాడు ఏ మేడం చూసినా తప్పు పట్టలేదు. కులానికి అందులో కాలమ్ లేదు కదా.

మన వ్యవస్థ దీన్ని ఆశా బాధ అనుకుంటుంది, మహా అయితే అవమానం అనుకుంటుంది. నాకు మాత్రం ఇది బిడ్డ ఒంటి వేడికి సంబంధించిన సంగతి. ఆమెను అడగకపోవడం వల్ల ఒక ఊరి పసిపిల్లల బరువులు తప్పుగా నమోదయ్యాయి.

1975లో అమెరికాలో సెల్మా ఫ్రైబెర్గ్, మరో ఇద్దరితో కలిసి 'ఘోస్ట్స్ ఇన్ ది నర్సరీ' అనే వ్యాసం రాసింది. తల్లిదండ్రులు మరిచిపోయిన తమ బాల్యపు బాధలు దయ్యాల్లా పసిబిడ్డ గదిలోకి వస్తాయని అంటుంది. వాళ్ల బృందం ఇళ్లకే వెళ్లి, వంటింట్లో కూర్చుని తల్లితో మాట్లాడేది. అంత దగ్గరగా కూర్చున్న మనిషికి కూడా ఏదో అంటుకుంటుంది. కోపం, జాలి, భయం. దాన్ని దింపుకోవడానికి ఒక చోటు కావాలి. రిఫ్లెక్టివ్ సూపర్విజన్ పెరిగింది ఆ సంప్రదాయంలోనే. నర్స్ ఫ్యామిలీ పార్ట్‌నర్‌షిప్ అనే గృహసందర్శన కార్యక్రమంలో ప్రతి నర్సుకూ వారానికో గంట సూపర్వైజరుతో ఇలా కూర్చోవడం నియమం. ఒక సూపర్వైజరు కింద ఎనిమిది మంది నర్సులకు మించకూడదు.

అదే 1975లో, అక్టోబర్ 2న, మన ఐసీడీఎస్ 33 ప్రాజెక్టులతో మొదలైంది. అక్కడ సూపర్వైజర్లున్నారు, సెక్టార్ మీటింగులున్నాయి. ఈ గంట మాత్రం లేదు.

అట్లాగని దాన్ని ఉన్నదున్నట్టు దించుకుందామని నేననను. మన దగ్గర పసిబిడ్డ గదిలోకి వచ్చే దయ్యం ఒక్క తల్లి గతంలోంచి రాదు, ఊరు మొత్తంలోంచి వస్తుంది. అడిగే మేడం ఆ నాయనమ్మ కులమే అయితే చిన్నమ్మ నోరు విప్పుతుందా? విప్పినా, "పెద్దావిడ కదా, సర్దుకుపో" అన్న సలహాతో ఆ గంట ముగుస్తుంది. చెప్పిన మాట రేపు మెమోలో తేలదని హామీ ఏది? ఇవి తేలకుండా పెట్టే రిఫ్లెక్టివ్ సూపర్విజన్ ఇంకో నిఘా అవుతుంది. మీలో సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్ చదివేవాళ్లు ఫీల్డుకు వెళ్లినప్పుడు ముందు ఈ ప్రశ్నలు పట్టుకోండి.

చిన్నమ్మ ఈ సంగతి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. మొదటిసారి చెప్పింది ధర్నా టెంటులో, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుతున్నప్పుడు. పక్క మండలం ఆశా ఒకామె, మాలపల్లె మనిషి, "మా వైపు తక్కెడ మీద పసుపునీళ్లు చల్లుతారు" అందట. ఇంకొకామె, తను ముందు తల్లి చేత బిడ్డను గుడ్డలో గట్టిగా చుట్టించి, గుడ్డతో సహా తూచి, తర్వాత గుడ్డ బరువు తీసేస్తానంది. వంటికి చెయ్యి తగల్లేదు కాబట్టి స్నానం ఉండదు, అంకె తప్పదు. ఆ అవమానం అలాగే ఉంది గానీ బిడ్డకు మాత్రం చలి తగల్లేదు. ఏ శిక్షణలోనూ చెప్పని ఈ ఉపాయం పొట్లం తిన్నంత సేపట్లో చేతులు మారింది. మన రిఫ్లెక్టివ్ సూపర్విజన్‌కు విత్తనం నాకు అక్కడే కనిపించింది. ఆశా డేలో ముందు అరగంట ఫారాలు పక్కన పెట్టి, మేడం లేకుండా, వాళ్లలో వాళ్లే కూర్చుంటే చాలు. తర్వాత ఏది పైకి చెప్పాలో వాళ్లే తేల్చి చెప్తారు. ఊరితో మాట్లాడాల్సింది అప్పుడు మేడమే, ఒంటరిగా ఆశా కాదు.

అమెరికాలో వారానికో గంట ఇస్తారని చెప్తే చిన్నమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ గంట పనిలో కలుపుతారా?" అని.

కలుపుతారు చిన్నమ్మా. అక్కడ అది ఉద్యోగంలో భాగం. ఇక్కడ మీకు ముందు ఉద్యోగమని పేరే పెట్టలేదు, వాలంటీర్లన్నారు.