నిదానమే ప్రధానము

సోదరీమణులారా! కారు నూనెను గూర్చియు, కారు నీటిని గూర్చియు స్త్రీ వ్రాయుట యేమి, అందును పంచకావ్యములు తప్ప మఱి యే చదువును లేని యొక పంతులుగారి భార్య వ్రాయుట యేమి యని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. కాని గడచిన వేసవిలో మా యింట జరిగిన సంగతి నేటికిని మా మనస్సును విడువలేదు. అది మా తప్పిదము. అట్టి తప్పిదము మీ యిండ్లలోను జరుగుట కవకాశము గలదు గనుక దాచక వ్రాయుచున్నాము.

మా కాపురము తెనాలి పట్టణమున. మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. ఉద్యోగ విరమణ చేసిన యొక ప్రధానోపాధ్యాయుల యొద్ద మావారు 20 యేండ్లు దాటిన పెట్రోలు కారు నొకదానిని కొనిరి. దాని రంగు వెలిసినది. తలుపు మూయవలెనన్న రెండు మార్లు లాగవలయును. చూచినవారెల్ల పెదవి విఱిచిరి. మాకు మాత్రము నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱముల నేర్చి రథమునకు దెచ్చినపుడు ఋతుపర్ణుడు సందేహించెను గదా! బాహుకుడు వాని యొడలి సుడులను జూపి రాజునకు ధైర్యము చెప్పెను. లక్షణముల నెఱిగినవారికి బక్క గుఱ్ఱమైనను దారి గడపునని మావారితో నంటిమి. లక్షణముల నెఱుగుట యెంత కష్టమో యప్పటికి మాకు దెలియదు.

ఇంజనులో రెండు ద్రవములు తిరుగుచుండును. ఒకటి నూనె. లోహము లోహముతో రాచుకొని యరుగకుండ నది కాపాడును. రెండవది కూలెంటు. ఇంజను వేడిమిని రేడియేటరునకు మోసికొని పోయి యచట గాలి కప్పగించి చల్లబడి మరల వచ్చును. ఈ రెండును దగ్గఱ దగ్గఱనే ప్రవహించును గాని యొకదానితో నొకటి కలియరాదు. ఇంజను మీది భాగమునకును క్రింది భాగమునకును నడుమ హెడ్ గాస్కెట్టు అను పలుచని పొర యొకటి వానిని వేఱుపఱచుచుండును. అది చెడినచో ఇంజను విప్పవలసినదే; ఖర్చు సామాన్యము గాదు.

మార్గశిర మాసమున నొక యుదయము, నూనె పోయు మూత నూడదీసి చూచితిమి. దాని లోపలి వైపున తెల్లని పదార్థము చిలికిన వెన్న వలె నంటియుండెను. పొరుగింటి పెద్దమనిషి చూచి, "గాస్కెట్టు పోయిందమ్మా, నీళ్లు నూనెలో కలిశాయి. అమ్మేసుకోండి" అని చెప్పిరి. మాకు కాళ్లు చేతులు చల్లబడినవి. వెంటనే మాకు తెలిసిన వృద్ధ మెకానిక్కును బిలిపించితిమి.

ఆయన వచ్చి వెన్నను జూచి భయపడలేదు. ముందుగా నూనె కొలుచు పుల్లను, అనగా డిప్‌స్టిక్కును, లాగి గుడ్డతో దుడిచి, మరల లోనికి దించి, మరల దీసి వెలుతురున బట్టుకొని చూచెను. నూనె గోధుమ రంగున తేటగా నున్నది. కూలెంటు డబ్బాలో మట్టము గీత దగ్గఱనే యున్నది. అంతట నాయన, "అమ్మగారూ, మాస్టారు రోజూ ఎంత దూరం నడుపుతారు?" అని యడిగెను. బడికి 2 కిలోమీటర్లు, మరల రాక 2 కిలోమీటర్లు అని చెప్పితిమి. "ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. చలికాలం చెమ్మ మూత కింద పేరుకుని నూనెతో కలిసింది, అంతే. మూత తుడిచి, ఒకసారి గుంటూరుదాకా పోయి రండి. మళ్లీ రాకపోతే ఏమీ లేనట్టే" అనెను. అట్లే చేసితిమి. మరల రాలేదు.

మా పితామహులు ఆయుర్వేద వైద్యులు. మాధవనిదాన మెప్పుడును వారి పీఠముపై నుండెడిది. వ్యాధి నెఱుగుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని యైదు మార్గములు గలవని మాకు బాల్యముననే చెప్పిరి. మందునో పథ్యమునో యిచ్చి చూచి, దాని ఫలమును బట్టి వ్యాధిని నిర్ణయించుట ఉపశయము. మెకానిక్కు మమ్ము గుంటూరునకు బంపుట యట్టి ఉపశయమే యని గ్రహించి మిక్కిలి సంతసించితిమి. ఆ సంతోషమే మాకు కీడు చేసినది. కారు జబ్బులు మాకు దెలిసిపోయినవను గర్వ మొకటి లోలోపల మొలచినది.

ఫాల్గుణమున మా అత్తగారికి మూత్రపిండములు చెడినవని వైద్యులు చెప్పిరి. ఆమె కాళ్లు వాచుచుండుట యంతకు ముందు చాల కాలముగా జరుగుచున్నదట. చీర అంచు క్రిందకి జార్చుకొని యెవ్వరికిని గానరాకుండ తిరిగినది. మా కెవ్వరికిని దెలియలేదు. అది మొదలు వారమునకు రెండు మార్లు సుమారు 25 కిలోమీటర్ల దూరముననున్న గుంటూరునకు డయాలసిస్ చికిత్సకై యామెను గొనిపోవలసి వచ్చినది. బస్సు కుదుపుల కామె యోర్వలేదు. వెలిసిన రంగు గల ఆ కారే మాకు దిక్కైనది.

చైత్రమున కూలెంటు డబ్బాలో మట్టము కొంచెము దిగుట గమనించితిమి. ఒక చెంబెడు బోరు నీరు పోసితిమి. వారము దినములకు మరల దిగినది, మరల పోసితిమి. మావారు పరీక్ష పత్రములు దిద్దుచు రాత్రులు మేల్కొనుచుండిరి. మందుల ఖర్చు, ప్రయాణపు ఖర్చు లెక్క వ్రాసికొనుచు నిట్టూర్చుచుండిరి. మరల కారు మాట యెత్తుటకు మాకు మనసొప్పలేదు. ఎసరు తగ్గిన కుండలో నీరు పోయుట యెవరి కైనను చెప్పి చేయుదుమా? అట్లే పోసితిమి. వైశాఖము వచ్చుసరికి రెండు దినముల కొక చెంబు పట్టుచుండెను. డబ్బాలోని పచ్చని రంగు పోయి తుప్పు రంగు వచ్చినది. అదియు జూచితిమి. చూచియు నూరకుంటిమి.

ఒక మంగళవారము గుంటూరునకు బోవుచుండగా సగము దారిలో వేడిమిని జూపు ముల్లు పైకి లేచినది. మావారు చూచి కారును ప్రక్కకు దీసి యాపిరి. ముందు భాగమునుండి ఆవిరి బుసలు కొట్టుచున్నది. మావారు దిగి రేడియేటరు మూత తిప్పుటకు చేయి చాచిరి. మేము పరుగున బోయి వారి చేయి బట్టుకొంటిమి. మూత బిగువున లోపల నొత్తిడి నిలిచియుండుటచే, సగము నీరు సగము గ్లైకాలు గల కూలెంటు 120 డిగ్రీలు దాటినను మరుగదు. మూత దీసిన క్షణమున ఆ యొత్తిడి పోయి, అంతయు నొక్కసారిగ మరిగి మొగముపై జిమ్మును. ఇంజను పూర్తిగా చల్లబడి, మూతపై చేయి వేసి యోర్చుకొనగలుగు వఱకు దానిని ముట్టరాదు.

అత్తగారిని ఆటోలో గూర్చుండబెట్టి మావారు తీసికొని పోయిరి. మేము కారు కడ చెట్టు నీడను నిలిచితిమి. చికిత్స రెండు గంటలు ఆలస్యమైనదని తరువాత దెలిసినది. ఆ రెండు గంటలును మేము లెక్కించినట్లు మఱి యెవ్వరును లెక్కించి యుండరు.

సాయంకాలము మెకానిక్కు బండిని తాళ్లతో గట్టి లాగించుకొని పోయి పరీక్షించెను. రేడియేటరు మూత స్థానమున నొక చేతి పంపును బిగించి గాలి యొత్తిడి నెక్కించి చూడగా, వాటర్ పంపు క్రింది చిన్న రంధ్రమునుండి బొట్టుబొట్టుగ కారుచున్నది. దాని చుట్టును ఎండిన తెల్లని చాఱ. తరువాత ఒక గాజు గొట్టములో నీలి ద్రవమును బోసి రేడియేటరు నోటిపై నుంచెను. సిలిండరులోని పొగ కూలెంటులోనికి వచ్చుచున్నచో ఆ నీలి రంగు పసుపు పచ్చగా మాఱునట. మాఱలేదు. గాస్కెట్టు బ్రదికినది. "ఇంకో రెండు మైళ్లు లాగించి ఉంటే హెడ్డు వంగిపోయేది. మాస్టారు ఆపడం మంచిదైంది" అనెను. పిమ్మట డబ్బాలో వ్రేలు ముంచి చూచి, "దీంట్లో బోరు నీళ్లు ఎవరు పోశారు?" అని యడిగెను.

మావారు మా వైపు జూడలేదు. మేమే చెప్పితిమి.

ఆయన కోపపడలేదు. బోరు నీటిలోని సున్నము మన యిండ్లలో నీరు కాచు పాత్రల యడుగున గట్టినట్లే రేడియేటరు సన్నని గొట్టములలో గట్టునట. ఉత్త నీరు కలిసిన కొలది కూలెంటులోని తుప్పు పట్టనీయని మందు పలుచనగును. "కారుతోందని మొదటి చెంబుకే చెప్పి ఉంటే పంపు ఒక్కటే మార్చేవాణ్ణి" అనెను. ఇప్పుడు పంపు, రేడియేటరు, గొట్టములు అన్నియు మార్చవలసి వచ్చినది. మావారి నెల జీతములో నాలుగవ వంతు దానికే చెల్లినది.

ఆ రాత్రి అత్తగారి కాళ్లు పట్టుచు కన్నీరు పెట్టుకొంటిమి. ఆమె మెల్లగా, "ఏడవకు అమ్మాయీ. నా కాళ్ల వాపు నేను దాచాను, కారు నీళ్లు నువ్వు దాచావు. ఇద్దరం ఇంట్లోవాళ్లకి ఖర్చెందుకనే అనుకున్నాం" అనెను. ఆ మాట మాకు శాస్త్రవాక్యమైనది.

నాటినుండి మేము పాటించుచున్న పద్ధతిని మీకు మనవి చేయుచున్నాము. ఆదివారము నుదయము, ఇంజను చల్లగా నున్నపుడు, కారు సమమైన నేలపై నుండగా, ముందు నూనె పుల్లను జూడుడు. నూనె రెండు గీతల నడుమ నుండవలయును. క్రొత్త నూనె తేనె రంగున నుండును. వాడిన కొలది నల్లబడును. ఆ నలుపు మాత్రమే దోషము గాదు. పుల్లపై నూనె పాలు కలిపిన కాఫీ వలె నున్నచో నీరు కలిసినదని యర్థము. అట్టి కారును నడుపక మెకానిక్కును బిలువవలయును. నూనె పోయకయే మట్టము పెరిగినచో లోనికి కూలెంటో పెట్రోలో చేరుచున్నది. పెట్రోలైనచో వాసన తెలిసిపోవును. కూలెంటుపై నూనె జిడ్డు తేలుచున్నను ఉపేక్షింపరాదు.

రాత్రి కారు క్రింద నొక పాత అట్టను బఱచుడు. ఉదయము నల్లని జిడ్డు మరక యున్న నది ఇంజను నూనె. పచ్చగానో గులాబి రంగుననో అంటుకొనుచున్న నది కూలెంటు. ఏ.సి. వాడిన పిదప తేట నీటి బొట్లు పడుట సహజము. పొగ గొట్టమునుండి చలి వేళ కొంతసేపు తెల్లని యావిరి వచ్చి పోవుట దోషము గాదు. ఇంజను వేడెక్కిన తరువాతను తియ్యని వాసనతో తెల్లని పొగ వదలకున్నచో కూలెంటు కాలుచున్నది. నీలి పొగ నూనె కాలుటకు గుర్తు. నూనె దీపము ఎఱ్ఱగా వెలిగినచో గమ్యము చేరువలో నున్నను వెంటనే యాపవలయును.

మఱియొక ముఖ్య విషయము. కూలెంటు తియ్యగా నుండును గాని విషము. నేలపై నొలికినచో వెంటనే కడుగుడు. మంచి నీళ్ల సీసాలలో నెన్నడును నింపి యుంచకుడు. పిల్లలును, కుక్కలు పిల్లులును నోట బెట్టిన ప్రాణాపాయము.

వీని కన్నిటికి మించి, మా వంటింటి గోడ కొక నోటు పుస్తకము వ్రేలాడుచున్నది. ఎప్పుడు ఎంత మట్టము తగ్గినదో, ఎంత పోసితిమో తేదీతో వ్రాసి మావారికి జూపుదుము. అదే పుస్తకమున రెండవ వైపు అత్తగారి బరువును, కాళ్ల వాపును వ్రాయుదుము. మా బరువును వ్రాయవలసినదే యని యామె యాజ్ఞ.

నిదానమే ప్రధానమని పెద్దలందురు. ఆ మాటకు తొందర పడకుమని మన మర్థము చెప్పికొందుము. వైద్యశాస్త్రమున నిదాన మనగా వ్యాధి మూలము నెఱుగుట. మార్గశిరమున మేము తొందరపడి కారు నమ్ముకొనకుండ కాపాడినది నిదానము. చైత్రమున మేము చెంబులతో నీరు పోయుచు నడపినది నిదానము గాదు, జాగు. తగ్గినదానిని నింపుట సులభము. ఏల తగ్గినదని యడుగుటకే ధైర్యము కావలయును. కారు విషయముననే గాక, తమ యొంటి విషయమునను సోదరీమణులు ఈ భేదమును గుర్తింతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.