పరాయి ఊళ్ళో బటన్ ఫోను

సొంత ఊరు విడిచి బతికే మనిషికి మూడు కావాలి: తలదాచుకునే చోటు, ఇంత తిండి, ఇంటి కబురు. ఇప్పుడు నాలుగోది కూడా వచ్చి చేరింది. అదే స్మార్ట్‌ఫోను. మొదటి మూడూ తన చేతుల మీదుగానే రావాలని అది పట్టుబడుతోంది.

నాది మరిపెడ. వరంగల్ నుంచి వర్ధన్నపేట, తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే బస్సెక్కితే దారిలో తగులుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మాది వ్యవసాయం. పత్తి, మిర్చి, తిండికింత వరి. నేను ఇక్కడ హాస్టల్లో ఉండి భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఈ ఇరవై ఏళ్ల వయసులో నా జేబులో ఉన్నది బటన్ ఫోను.

“ఏందిరా, ఇంకా గీ డబ్బానేనా?” అంటారు మిత్రులు. నవ్వి ఊరుకుంటాను. ఒక్కసారి చార్జింగ్ పెడితే నాలుగైదు రోజులు వస్తుంది. కిందపడ్డా భయం లేదు. రాత్రి పదింటికి మిగతా గదులన్నీ నీలి వెలుగులో మునిగి ఉంటే నేను పుస్తకం ముందు ఉంటాను. అయితే క్లాసు టైము మారిన సంగతి, నోట్సు వచ్చిన సంగతి నాకు రూమ్మేటు చదివి వినిపించాలి. చదువుకున్నవాణ్ణయి ఉండి కూడా, ఉత్తరం చదివించుకోవడానికి పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన మా తాతలాగా ఉన్నాను.

నాకంటే దూరం పోయినవాళ్ళ సంగతి చూడండి. 1980లలో గల్ఫ్ పోయిన మన తెలుగువాళ్ళు ఇంటికి ఉత్తరాలతో పాటు మాటలు నింపిన క్యాసెట్లు పంపేవారు. రాయడం రానివాడికి క్యాసెట్టే ఉత్తరం. ఎడారిలో ఉన్న కొడుకు గొంతు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. ఆనాడు యంత్రం మనిషికి తోడుగా వచ్చింది. తర్వాత కథ మారింది. కరోనా కాలంలో, 2021లో, సౌదీ అరేబియాలో దుకాణాల్లోకి, ఆఫీసుల్లోకి పోవాలంటే తవక్కల్నా అనే యాప్ చూపించాల్సి వచ్చింది. కూలి చేసుకునే మనిషికైనా సరే, ఫోను తలుపు తాళం చెవి అయింది. చెవి లేనివాడు బయటే నిలబడాలి.

పరాయి దేశంలో అంటే సరే. మన సొంత చేను దగ్గర కూడా ఆ తాళం పడుతుందని నేననుకోలేదు.

2025 సీజన్లో భారత పత్తి సంస్థ మద్దతు ధరకు పత్తి అమ్మే రైతులు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలని పెట్టింది. ఉద్దేశం మంచిదే. జిన్నింగ్ మిల్లు ముందు బండ్లు రోజుల తరబడి బారులు తీరే అవసరం ఉండదు. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొనరు. అక్టోబరు నెలాఖరున మొంథా తుఫాను వాన మా జిల్లాను ముంచెత్తింది. చేలో పత్తి నల్లబడింది. మిగిలింది ఏరి, వాకిట్లో ఆరబోసి, ఎండ చూసి, ఇక తీసుకపోదామంటే స్లాట్ కావాలి. మా నాయినది కూడా బటన్ ఫోనే. పక్కింటి పిల్లగాడు నాలుగైదు ఇండ్లకు బుక్ చేసి పెడుతున్నాడు. వాడు పొలం నుంచి వచ్చేదాకా నాయిన వాడి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ రాత్రి ఫోన్ చేసి ఒకే మాటన్నాడు: “చిన్నోడా, నీ దగ్గర గా ఫోనుంటే నువ్వే ఆడినుంచి కొడుదువు గదా!”

నిందించలేదు. మామూలుగానే అన్నాడు. కాని నాకు ఆ రాత్రి పుస్తకం మీద మనసు నిలవలేదు. నేను ఫోను వద్దనుకోవడం నా చదువు కోసం. ఆ చదువు ఆ పత్తి మీద నడుస్తోంది.

లెక్క వేశాను. ఓ మోస్తరు ఫోను పదివేలు. అంటే మద్దతు ధరకే అమ్ముడుపోతే క్వింటాలుంబావు పత్తి. అమ్మ వంగి ఏరితే మూడు నాలుగు రోజుల కష్టం. ఆమె నడుము నొప్పిని ఏ ఖాతాలో రాయాలో నా గణితానికి తెలియదు. ఫోను కొన్నాక నెలనెలా రీచార్జి వేరే.

బటన్ ఫోనుతో బతకడం అసాధ్యమేమీ కాదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే ప్రారంభించింది. ఇంటర్నెట్ లేకుండానే డబ్బు పంపవచ్చు. అంటే బుద్ధి పెడితే చిన్న ఫోనుకూ దారి చెయ్యవచ్చునని తేలింది. విజ్ఞానశాస్త్ర విద్యార్థిగా నాకు నచ్చింది అదే. కొత్త యంత్రం రావడం ప్రగతే. పాత దారి మూసెయ్యడం మాత్రం ప్రగతి కాదు. ప్రతి కొనుగోలు కేంద్రంలో ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఒక మనిషి ఉంటే చాలు, మా నాయినలాంటివాళ్ళు ఎవరి అరుగు మీదా కూర్చోనక్కరలేదు. మా చుట్టుపక్కల తండాల్లో ఇలాంటి ఇండ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఏమైనా, బల్ల వచ్చేదాకా పంట ఆగదు. అందుకని మిర్చి అమ్మిన డబ్బులు రాగానే ఫోను కొందామని నిశ్చయించుకున్నాను. ఫోను నా దగ్గర ఉంటుంది, నాయిన నంబరుకు ఓటీపీ వస్తుంది. “ఎవ్వరికీ చెప్పొద్దంటిరి గదా” అని ఆయన అనుమానపడతాడు. నాకు చెప్పవచ్చునని నచ్చజెప్పాలి. ఒక్కో అంకె చదువుతుంటే నేనిక్కడ కొట్టుకోవాలి. స్లాట్ పని అయిపోయాక ఫోను పెట్టెలో పెట్టి, రాత్రి పదింటికి మళ్ళీ పుస్తకం తియ్యాలి.

మిత్రులారా, హాస్టళ్ళలో ఉన్న రైతుబిడ్డలారా! మీ చేతుల్లో ఆ ఫోను ఇప్పటికే ఉంది. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంటి పనితో పాటు పక్కింటి పెద్దాయన పని కూడా ఒకటి దాంట్లో చేసి పెట్టండి.