మన సైటు ఎందుకు ఆగింది, పదకొండు పేర్లు ఎట్లా పోయినాయి

పోయిన ఏడాది ఆషాఢంలో మన ఇంటి సైటు తెరుచుకోవడం లేదని మీలో చాలామంది ఫోన్లు చేసినారు. అప్పుడు "సర్వర్ రిపేరు" అని చెప్పి తప్పించుకున్నాను. అది సగం నిజమే. మిగతా సగం చెప్పడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. మన మాదిరే వంశవృక్షాన్ని కంప్యూటర్లో పెట్టుకున్న కుటుంబాలు కూడా ఈ పేజీ చదువుతుంటాయి కాబట్టి, వాళ్లకి కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

సైటు మొదలుపెట్టింది 2015లో. అప్పుడు నేను రోజూ మారికుప్పం నుంచి బెంగళూరుకి రైల్లో పోయి వస్తా ఉంటిని. పోను రాను కలిపి నాలుగు గంటలకు పైనే. ఆ రైల్లో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌లో కట్టినాను. అప్పటి వెర్షన్ 1.8, పైథాన్ 2.7. ఒక్కో మనిషికి ఒక వరస: పేరు, నాయన, అమ్మ, పుట్టిన ఊరు, గనిలో పని, లైను, ఉన్నారా లేరా, ఒక ఫోటో. పలమనేరు పక్క పల్లె నుంచి గనికి వచ్చిన మన ముత్తాతతో మొదలై, ఇప్పుడు పోలెండులో ఉన్న అక్క కూతురి బిడ్డ దాకా మొత్తం 412 మంది.

ఎనిమిదేండ్లు దాన్ని ముట్టుకోలేదు. అది నా తప్పు. పైథాన్ 2.7కి 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. చివరికి సర్వర్ వాళ్లు "పాత పైథాన్ తీసేస్తున్నాం, మార్చుకోండి" అని ఉత్తరం పంపితే గాని నేను కదల్లేదు. జాంగో 1.8 నుంచి 4.2కి ఒకేసారి దూకాలనుకున్నాను. మధ్యలో 1.11, 2.2, 3.2 మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, వచ్చే హెచ్చరికలు చదివి, సరిచేసుకుని పైకి పోవాలి. నేను నిచ్చెన ఎక్కకుండా గోడ దూకినాను.

ఇక్కడ మైగ్రేషన్ అనే మాట కొంచెం చెప్పాలి. మనకు మైగ్రేషన్ అంటే వలస. జాంగోలో మైగ్రేషన్ అంటే డేటాబేస్ రూపం మారిన ప్రతిసారీ రాసిపెట్టే ఒక చిన్న ఫైలు. "ఈ టేబుల్ చేర్చు", "ఆ కాలమ్ పేరు మార్చు" అని అందులో ఉంటుంది. వాటికి 1, 2, 3 అని వరుస నంబర్లు. ఏయే ఫైలు అమలు అయిందో డేటాబేస్ లోపల ఇంకో టేబుల్లో రాసి ఉంటుంది. ఫైళ్లు ఒక మాట, డేటాబేస్ ఇంకో మాట చెప్తే అక్కడ గొడవ మొదలవుతుంది.

మొదటి గొడవ అదే. 2017లో పెండ్లి పత్రికల లిస్టు తయారు చేసే తొందరలో నేను "పుట్టిన ఊరు" అనే కాలమ్‌ని మైగ్రేషన్ లేకుండా నేరుగా సర్వర్‌లో చేత్తో చేర్చేసినాను. తర్వాత ల్యాప్‌టాప్‌లో అదే పనికి మైగ్రేషన్ ఫైలు రాసినాను గాని, సర్వర్‌లో నడపలేదు. ఇప్పుడు అప్‌గ్రేడ్ రోజు దాన్ని నడిపితే "ఈ కాలమ్ ముందే ఉంది" అని ఎర్రర్. దీనికి జాంగోలో "ఫేక్" అనే ఒక దారి ఉంది. పని చేయకుండానే చేసినట్టు టిక్కు పెట్టడం. ఆ ఒక్క ఫైలుకి మాత్రమే అట్లా టిక్కు పెట్టి ఉంటే సరిపోయేది. రాత్రి ఒంటి గంట, నిద్ర కండ్లు. మిగిలిన ఫైళ్లన్నిటికీ కలిపి టిక్కు పెట్టేసినాను. ఎర్రర్లు మాయం! సంతోషంగా పడుకున్నాను. తెల్లారి చూస్తే ఏ మనిషి పేజీ నొక్కినా "లైను నంబరు అనే కాలమ్ లేదు" అంటోంది. నిజమే, లేదు. చేర్చాల్సిన ఫైలుకి చేర్చకుండానే టిక్కు పెట్టింది నేనే కదా.

మంచిపని ఒకటి చేసి ఉన్నాను. అప్‌గ్రేడ్‌కి ముందు మొత్తం డేటాబేస్‌కి ఒక కాపీ తీసి పెట్టుకున్నాను. దాన్ని వెనక్కి పెట్టి, ఈసారి "షోమైగ్రేషన్స్" కమాండ్‌తో ఏది అయింది, ఏది కాలేదు అని కాగితం మీద రాసుకుని, ఆ ఒక్క ఫైలుకే ఫేక్ టిక్కు పెట్టి, మిగతావి మామూలుగా నడిపినాను. అందులో మూడు రోజులు పోయినాయి.

రెండో గొడవ నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. "ఉన్నారా లేరా" అనే గడికి నేను అప్పట్లో నల్ బూలియన్ ఫీల్డ్ అనే రకం వాడినాను. అందులో అవును, కాదు, తెలియదు అని మూడు జవాబులు పడతాయి. జాంగో 4.0లో ఆ రకాన్ని తీసేసినారు. దాని బదులు మామూలు బూలియన్ ఫీల్డ్ వాడి, ఖాళీ ఉండొచ్చు అని పక్కన రాయాలి. నేను ఆ రాయడం మరిచిపోయినాను. మైగ్రేషన్ తయారు చేయమంటే అది ఆగి అడిగింది: ఇంతకు ముందు ఖాళీగా ఉండొచ్చన్న గడి ఇప్పుడు ఖాళీగా ఉండకూడదంటున్నావు, ఖాళీగా ఉన్నవాళ్లకి ఏం రాయమంటావు?

"లేరు" అని టైపు చేయబోయినాను. పాత కాలం వాళ్లే కదా, ఎవరుంటారు అనుకున్నాను. ఎందుకో ఆ లిస్టు ఒకసారి చూద్దామని తీసినాను. పద్నాలుగు మంది. మొదటి పేరు మన తాత తమ్ముడిది.

మీకు తెలిసిందే. ఆయన 1950ల చివర్లో గని పని మానేసి పోయినవాడు మళ్లీ రాలేదు. బొంబాయి అని కొందరు, రంగూను అని కొందరు. మహాలయ అమావాస్యకి పెద్దలకి పెట్టేటప్పుడు అవ్వ అందరి పేర్లూ చెప్పి ఆయన పేరు మాత్రం చెప్పదు. "పోయినాడని ఎవురన్నా చూసినారా?" అంటుంది. అరవై ఏండ్లకు పైగా ఆమె ఖాళీగా పెట్టిన గడిని నేను ఒక్క మాటతో నింపబోయినాను. ఆపి, వెనక్కి పోయి, ఖాళీ ఉండొచ్చు అని రాసినాను. ఆ పద్నాలుగు మంది అట్లే ఉన్నారు.

ఆ అడ్డు దాటినాను గాని, ఇంకోచోట పడిపోయినాను.

జాంగో 2.0 నుంచి ఒక కొత్త నియమం. ఒక వరస ఇంకో వరసకి కట్టి ఉంటే, ఉదాహరణకు కొడుకు వరస నాయన వరసకి, ఆ కట్టు వేసేచోట "ఆన్ డిలీట్" అని తప్పకుండా రాయాలి. అంటే నాయన వరస తుడిపేస్తే కొడుకు వరస ఏం కావాలి? పాత వెర్షన్లలో ఈ ప్రశ్న అడిగేది కాదు. అడక్కుండానే "కాస్కేడ్" అనుకునేది. నాయన పోతే కొడుకు కూడా, కొడుకు పోతే మనవడు కూడా, గొలుసు మాదిరి. ఇప్పుడు ఆ మాట మనమే రాయాలి, రాయకపోతే సైటు లేవదు. పాత మైగ్రేషన్ ఫైళ్లలో కూడా రాయాలి. నాకు 23 చోట్ల ఎర్రర్ వచ్చింది. అన్ని చోట్లా ఒకే దెబ్బకి "కాస్కేడ్" అని దింపేసినాను. ముందు ఉన్నది అదే కదా, మార్పు లేదు కదా అని.

సైటు లేచింది. మీరందరూ మెచ్చుకున్నారు. తొమ్మిది రోజులు గడిచినాయి.

మన ఊళ్లో పేర్ల సంగతి మీకు కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రాబర్ట్‌సన్‌పేట అంగడి వీధిలో తమిళం, కంపెనీ కాగితాల్లో ఇంగ్లీషు. మునివెంకటప్ప అనే పేరుంటే నాలుగు తావుల్లో నాలుగు రకాలుగా రాసుంటారు. మన ముత్తాత కూడా సైటులో రెండుసార్లు పడినాడు. ఒకటి తెలుగులో నేను రాసింది, ఇంకొకటి తాత సర్వీసు కాగితంలోని ఇంగ్లీషు పేరు చూసి ముళబాగిలు చిన్నాయన వాళ్లు రాసింది. "ఒకటి తీసెయ్ రా" అని చిన్నాయన అంటే, తెలుగు పేరు కింద పిల్లలున్నారు కదా, రెండోది ఖాళీగా ఉంటుందనుకుని దాన్ని తుడిపినాను. తుడిపే ముందు జాంగో ఒక పేజీ చూపించింది. దీనితోపాటు ఇవన్నీ పోతాయి, సరేనా అని పొడుగాటి లిస్టు. నేను కిందికి జరుపుకుంటా పోయి "సరే" నొక్కినాను.

ఆ రెండో పేరు కింద ముగ్గురు పిల్లలు కట్టి ఉన్నారు. ముగ్గురితో వాళ్ల పిల్లలు, మనవలు. 61 మంది ఒక్క నొక్కుతో పోయినారు. చిన్నాయన కూడా అందులో ఉన్నాడు. ఫోటోలు మాత్రం ఫోల్డర్లో అట్లే ఉన్నాయి. జాంగో వరసని తుడిపినా ఫోటో ఫైలుని ముట్టుకోదు. ఎవరివో చెప్పే పేరు లేని మొహాలు.

కాపీ ఉంది కదా అనుకున్నాను. అది అప్‌గ్రేడ్‌కి ముందుది. సర్వర్ వాళ్లు రోజూ కాపీ తీస్తారని నేను నమ్మి ఉన్నాను, కానీ నేను తీసుకున్న చవక ప్లాన్‌లో అది లేదు. పాత కాపీ నుంచి 61 మందీ తిరిగి వచ్చినారు. రానిది ఆ తొమ్మిది రోజుల్లో కొత్తగా చేర్చింది. ఆ తొమ్మిది రోజుల్లో అక్క ఆండర్‌సన్‌పేటలో అవ్వ పక్కన మూడు సాయంత్రాలు కూర్చుని, లైన్లలో పుట్టి చిన్నతనంలోనే పోయిన పిల్లల పేర్లు అడిగి, నేరుగా ఫోన్లో సైటులోకి ఎక్కించింది. పదకొండు పేర్లు. కాగితం మీద రాయలేదు. అందరూ ఆ ముగ్గురి ఇండ్ల పిల్లలే.

అక్కకి చెప్పడానికి నేను రెండు రోజులు తిరుగుళ్లు తిరిగినాను. చెప్తే తిట్టలేదు. "మళ్లీ అడుగుతాలే" అని పోయింది. ఎనభై ఎనిమిదేండ్ల అవ్వ. రెండోసారి పది పేర్లు చెప్పింది. అందులో ఒకటి ముందు చెప్పింది కాదని అక్కకి గట్టిగా గుర్తు, కానీ ముందుది ఏమిటో గుర్తు రాలేదు. పదకొండో బిడ్డ గురించి అడిగితే, "ఆడబిడ్డ అనేది తెలుసు. పేరు ఇప్పుడు రావడంలే" అనింది. ఆ తర్వాత కూడా రాలేదు.

చిన్నాయనకి ఫోన్ చేసి, నీ వరస కూడా తుడిపేసి మళ్లీ తెచ్చినానని చెప్తే నవ్వినాడు. ఆన్ డిలీట్ సంగతి వివరించి, ఏం పెట్టమంటావు అని అడిగినాను. ఆయన గని మూసిన రోజు, 2001 ఫిబ్రవరి 28 వరకు పనిచేసిన మనిషి. కంప్యూటర్ ముట్టనివాడు. కొంచెంసేపు ఆలోచించి చెప్పినాడు: "ఎవురూ తుడపకుండా పెట్టు. తుడిపే తీరాలంటే, ముందు పిల్లోళ్లకి ఇంకో తావు చూపించినాకే తుడపాల."

జాంగోలో అది అచ్చంగా ఉంది. పేరు "ప్రొటెక్ట్". కింద పిల్లలు కట్టి ఉన్నంతవరకు పెద్దల వరస తుడవనీయదు, ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. ముందు పిల్లల్ని సరైన నాయన కిందికి మార్చాలి, అప్పుడు ఒప్పుకుంటుంది. 23 చోట్లనీ ఒక్కొక్కటిగా మళ్లీ చదివినాను. అమ్మానాయనల కట్టుకి ప్రొటెక్ట్. ఫోటోకి "సెట్ నల్", అంటే మనిషి వరస పోయినా ఫోటో వరస, దాని కింద రాసిన మాటలు నిలబడతాయి, పేరు గడి ఒకటే ఖాళీ అవుతుంది. మీరు రాసే వ్యాఖ్యలకి మాత్రం కాస్కేడ్ ఉంచినాను. ఇది మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో పట్టింది ఒక పూట. ప్రొటెక్ట్ మార్పుకి డేటాబేస్ రూపం కూడా మారదు. ఆ కాపలా జాంగోనే కాస్తుంది.

ఆలోచిస్తే ఆ అప్‌గ్రేడ్ నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. తెలియని మనిషిని ఏమని రాస్తావు? పెద్దలు లేకపోతే పిల్లలు ఏమవుతారు? రెండూ మన ఇంటి ప్రశ్నలే. మొదటిదానికి జవాబు అవ్వ దగ్గర, రెండోదానికి చిన్నాయన దగ్గర ముందే ఉన్నాయి. అడక్కుండా నేనే రాసేసిన తావులోనే దెబ్బ తగిలింది.

ఇట్లాంటి సైటు నడిపేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. వెర్షన్లు ఒకేసారి దూకొద్దు, మెట్టు మెట్టుకీ ఆగండి. ప్రతి మెట్టుకి ముందు కాపీ తీయండి. ఆ కాపీ నిజంగా తిరిగి లేస్తుందా అని వేరే కంప్యూటర్లో ఒకసారి లేపి చూడండి. అప్‌గ్రేడ్ అయిపోయినాక కూడా రోజూ కాపీ తీయండి. డేటాబేస్‌ని చేత్తో మార్చొద్దు. ఫేక్ టిక్కు పెట్టాలంటే, ఆ పని నిజంగా అయిందని కండ్లతో చూసి, ఆ ఒక్క ఫైలుకే పెట్టండి. తుడిపే ముందు వచ్చే లిస్టుని చివరి పేరు దాకా చదవండి. పెద్దవాళ్ల దగ్గర పేర్లు అడిగేటప్పుడు ముందు నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు సైటులో మార్పున్న ఆ బిడ్డ పేరు పక్కన "ముందు వేరే పేరు చెప్పినారు" అని రాసి పెట్టినాము. పదకొండో బిడ్డకి ఒక వరస ఉంది. అమ్మ పేరు, నాయన పేరు, లైను నంబరు నింపి ఉన్నాయి. పేరు గడి ఖాళీ. మారికుప్పం పక్క ఆ లైన్లలో పెరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే, ఆ పేజీ వాళ్లకి ఒకసారి చదివి వినిపించండి. ఎవరికైనా గుర్తుంటే అక్కకి ఫోన్ చేయండి. నోటు పుస్తకం ఆమె దగ్గర ఉంది.