పది నెలలు ఫ్రెంచి వాళ్లింట్లో మా పాప

ఆడపిల్లను చదువుకు బెంగుళూరో హైదరాబాదో పంపడం ఇప్పుడు మా పామిడిలో కూడా వింతేమీ కాదు. కానీ పదహారేళ్ల పిల్లను, ముక్కూ మొహం తెలియని ఫ్రెంచి వాళ్లింట్లో పది నెలలు ఉంచుతామంటే మాత్రం "మీకేమన్నా తిక్క పట్టిందా?" అని అడగనివాళ్లు లేరు. 2022లో మా పెద్దమ్మాయి విషయంలో జరిగింది ఇదే. పిల్లల్ని దూరం పంపాలా వద్దా అని సతమతమయ్యే తల్లులకు పనికొస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

పాప అనంతపురంలో హాస్టల్లో ఉండి చదివేది. ఏ.ఎఫ్.ఎస్. అనే సంస్థ గురించి టీచరమ్మ చెబితే దరఖాస్తు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డ సిపాయిలను మోసిన అమెరికా అంబులెన్సు డ్రైవర్ల సంఘమట అది. 1947 నుంచి హైస్కూలు పిల్లల్ని ఒక దేశం నుంచి మరో దేశానికి పంపడం మొదలుపెట్టింది. పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాలు డబ్బు తీసుకోవు. ఖర్చులో కొంత స్కాలర్‌షిప్పు వచ్చింది. మిగిలిందానికి మా ఆయన అంగడి మీద కడుతున్న చీటీ పాడారు.

ఫ్రెంచి ఎట్లా అంటారా? అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ పల్లె పిల్లలకు ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ నేర్పే బడి పెట్టింది కదా. అక్కడ చదివిన అమ్మాయి ఒకామె మూడు నెలలు పాఠాలు చెప్పింది. డెబ్బైని 'అరవై పది' అనీ, ఎనభైని 'నాలుగు ఇరవైలు' అనీ ఫ్రెంచి వాళ్లు లెక్కబెడతారని పాప తల పట్టుకుంటే, మా అత్తమ్మ నవ్వింది. "అందులో ఏముందే? మా కాలంలో చెనిక్కాయల మూటలు మేమూ ఇరవైల లెక్కనే ఎంచేవాళ్లం" అంది. పంపడానికి అందరికన్నా ఎక్కువ అడ్డం పడింది కూడా ఆమే లెండి!

పాప దిగింది బ్రిటనీ ప్రాంతంలో, రెన్ అనే నగరం పక్కన ఒక చిన్న ఊళ్లో. ఎప్పుడూ చినుకులు పడే పచ్చటి సీమ అని అందరూ చెప్పారు. తీరా వెళితే, "అమ్మా, ఇక్కడ కూడా కరువంట!" అని ఫోను. నిజమే. ఆ ఏడాది జూలై, 1959 నుంచి లెక్కలున్నంతలో ఫ్రాన్సులో అతి తక్కువ వాన పడిన జూలై. తోటలకు నీళ్లు పెట్టరాదని ఆంక్షలు పెట్టారు. ఆ ఇంటామె వాడిపోతున్న పూలమొక్కల్ని చూసి దిగులుపడుతోందట. మా పిల్లకు కరువు కొత్తా? స్నానాల గదిలో వేడినీళ్లు వచ్చేదాకా వృథాగా పోయే చన్నీళ్ల కింద నేల తుడిచే బకెట్టు పెట్టింది. కూరగాయలు కడిగిన నీళ్లు పట్టింది. అన్నీ మొక్కలకు పోసింది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో అందరూ బకెట్టు పెట్టడం మొదలుపెట్టారట. భాష రాని పిల్లకు ఆ ఇంట్లో మొదటి గౌరవం తెచ్చిపెట్టింది మన నీళ్ల పొదుపే.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ రెన్ నగరంలో పడేదీ దాదాపు 700 మిల్లీమీటర్లే. అక్కడ ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా పడుతుంది, ఎండ తక్కువ, నేలలో తేమ నిలుస్తుంది. మనకు కొద్దిరోజుల్లో కురిసి వెళ్లిపోతుంది, మిగిలింది ఎండ తాగేస్తుంది.

ఇక రోజూ ఎట్లా గడిచేదంటారా? పొద్దున గిన్నెడు చాక్లెట్ పాలు, ఉప్పు వెన్న రాసిన రొట్టె. చీకటితోనే బస్సు. బడి ఎనిమిదికి మొదలైతే సాయంత్రం అయిదు దాకా. బుధవారం మధ్యాహ్నం మాత్రం సెలవు. తరగతులు కూడా మనకు తిరగేసి లెక్క! పైకి పోయేకొద్దీ 'రెండోది', 'మొదటిది', చివరికి 'ఆఖరుది'. మార్కులు ఇరవైకి. పదోతరగతిలో ఆరువందలకు 560 తెచ్చుకున్న పిల్ల, మొదటి చరిత్ర పరీక్షలో ఇరవైకి ఏడు తెచ్చుకుని ఏడ్చింది. అక్కడ పద్నాలుగు వస్తే బాగా చదివినట్టేనని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం బడిలోనే భోజనం. ముందు పచ్చి కూరగాయలు, తర్వాత అసలు వంటకం, ఆపైన జున్ను, చివర పండో తీపో. గొడ్డుమాంసం, పందిమాంసం తిననని పాప ముందే రాసిచ్చింది. వారంలో ఒకరోజు మాంసం లేని భోజనం పెట్టాలని అక్కడి చట్టం. ఆరోజు మాత్రం కడుపునిండా తినేది.

మన 'నువ్వు', 'మీరు' లాగానే ఫ్రెంచిలోనూ రెండున్నాయి. టీచర్లను 'మీరు' అనాలి. ఇంటామె మాత్రం "నన్ను నువ్వు అను, పేరు పెట్టి పిలువు" అందట. నలభై అయిదేళ్లావిడను పేరుపెట్టి ఎట్లా పిలుస్తుంది? నోరు రాక నెలరోజులు ఏ పిలుపూ లేకుండా గడిపి, చివరకు "మా భాషలో పిన్నమ్మ అంటాం. చిన్నమ్మ, అంటే చిన్న తల్లి" అని చెప్పింది. ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయట. ఆ తర్వాత ఆవిడ ఆ ఇంట పిన్నమ్మే.

ఇదంతా చదివి అంతా సాఫీగా జరిగిందనుకోకండి. అక్టోబరు చివర గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు. మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా వచ్చింది. సాయంత్రం అయిదున్నరకే చీకటి. ఆ ఏడు దీపావళి వాళ్ల సెలవుల్లో పడింది. ఇక్కడ టపాకాయల చప్పుడు ఫోనులో విని పిల్ల ఏం మాట్లాడకుండా పెట్టేసింది. నవంబరులో ఒకరోజు, "నేను వచ్చేస్తానమ్మా. అన్నం దగ్గర అందరూ నవ్వుతారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు" అంది. మా ఆయన టిక్కెట్టు చూడమన్నారు. "ముందే చెప్తి కదా" అని అత్తమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు పాపతో అన్నాను: "సంక్రాంతి దాకా ఉండు. అప్పటికీ ఇట్లాగే ఉంటే నేనే రమ్మంటాను. అయితే ఈ మాట నాకు చెప్పినట్టే మీ పిన్నమ్మకూ చెప్పు." చెప్పింది. ఆ ఇల్లాలు ఓ ఉపాయం చేసింది. ఆరోజు నుంచి రాత్రి భోజనం దగ్గర అందరూ తమ రోజులో జరిగిన ఒక్క సంగతి నిదానంగా చెప్పాలి. మొదటి వంతు మా పాపది. తప్పు మాట్లాడినా మధ్యలో ఎవరూ ఆపరాదు. సంక్రాంతి వచ్చింది, పోయింది. పిల్ల ఊసే ఎత్తలేదు. ఫిబ్రవరి రెండున వాళ్లకు అట్ల పండుగ లాంటిది వస్తుంది. ఆరోజు ఊరంతా అట్లు పోసుకుంటారు. పాప పెట్టెలో తీసుకుపోయిన బొరుగులతో ఉగ్గాని చేసి పెడితే, బొరుగుల్లో కారమేమిటా అని ముందు వింతగా చూసి, తర్వాత గిన్నె ఖాళీ చేశారట.

ఆ బ్రిటనీ అట్టు మనకూ సులువే. మనకు జొన్నలు, కొర్రలెట్లానో, బీద నేలల వాళ్లకు కుట్టు ధాన్యం అట్లా. పావుకిలో కుట్టు పిండిలో చెంచాడు ఉప్పు వేసి, అరలీటరు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలిపి రెండు గంటలు ఉంచాలి. దోసె పెనం మీద పలుచగా తిప్పి, కాలాక గుడ్డు కొట్టిపోసి, చీజు తురుము చల్లి నాలుగువైపులా మడవాలి. కుట్టు పిండి దొరకనప్పుడు మేం రాగిపిండిలో కొంచెం గోధుమపిండి కలిపి చేస్తున్నాం.

2023 జూలైలో పాప తిరిగొచ్చింది. ఇంటర్మీడియెట్‌లో ఒక ఏడాది ఆలస్యంగా చేరింది. "సంవత్సరం పాయె" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోయిందా, వచ్చిందా అని నేను లెక్కలు వేయను. కానీ మా ఇంట్లో ఒక్క మార్పు మాత్రం నాకు బాగా తెలుసు. అక్కడ వండినామె కూర్చునేదాకా ఎవరూ ముద్ద ఎత్తరట. వచ్చిన వారంలోనే పాప, "అమ్మా, నువ్వూ కూచుంటేనే నేను తింటా" అని పట్టుబట్టింది. "ఇంటి ఆడది ముందే కూచుంటే వడ్డించేదెవరు?" అని అత్తమ్మ. వేడివేడి జొన్నరొట్టెలు నేను ఒక్కొక్కటే చేసి వేస్తుంటే కదా ఈ గొడవ? అన్నీ ఒకేసారి చేసి గుడ్డలో చుట్టి హాట్ బాక్సులో పెడుతున్నా. కూర, పప్పు, ఊరుబిండి మధ్యలో పెట్టుకుని ఎవరికి కావాల్సింది వాళ్లే వేసుకుంటున్నాం. రొట్టె కాస్త మెత్తబడుతుంది, నిజమే. మొదట్లో మొహం చిట్లించిన మా ఆయన ఇప్పుడు మంచినీళ్ల చెంబు తనే తెచ్చి పెడుతున్నారు.

మీ పిల్లలకు ఇట్లాంటి అవకాశం వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఫోను వారానికి ఒక్కసారి చాలు. పిల్ల ఏడిస్తే వెంటనే టిక్కెట్టు చూడకండి. అట్లాగని "సర్దుకో" అని తోసెయ్యకండి. ఆ బాధ అక్కడి ఇల్లాలి చెవిన పడేట్టు చూడండి. ఏ దేశమైనా ఆకలి మొహాన్నీ, ఏడుపు మొహాన్నీ పోల్చుకోలేని ఇల్లాలు ఉండదు.