గాలి ఇంజను, నీళ్ల ఇంజను

ఏప్రిల్ 17, 2024
మొన్నటి నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా ఇంజను పెట్టిన పడవేదీ కదలకూడదు. పెదజాలరిపేట ఇసుక మీద ఫైబర్ పడవలు ఖాళీగా ఉన్నాయి, ఇంజన్లన్నీ షెడ్లకి చేరాయి. చిన్నాన్నది కూడా వచ్చింది. పొడవాటి షాఫ్టు చివర ప్రొపెల్లర్ ఉండే డీజిల్ ఇంజను, గాలికి చల్లబడే రకం. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల సందుల్లో ఉప్పు, ఆయిలు, చేప పొలుసు కలిసి గడ్డకట్టాయి. గాలికి తగిలే చోటు పెంచడానికే ఆ రెక్కలు. సందులు పూడిపోయాక అవి ఉన్నా లేనట్టే.

పైన ఉండాల్సిన రేకు కవరు లేదు. అడిగితే, “సంద్రం గాలి ఇంతలాగ కొడతంటే మళ్లీ రేకెందుకురా?” అన్నాడు చిన్నాన్న. మోటారు సైకిలు పరుగెత్తి తన గాలి తనే తెచ్చుకుంటుంది. పడవకి ఆ వేగం లేదు. అందుకే ఫ్లైవీలుకి ఉన్న ఫ్యాను గాలి తోస్తుంది, రేకు ఆ గాలిని రెక్కల మీదికి మళ్లిస్తుంది. రేకు తీసేస్తే గాలి తన దారిన పోతుంది, సిలిండరు కాలుతుంది. చెప్పాను. విన్నాడో లేదో.

మే 2
బావమరిది ఔట్‌బోర్డు మోటారు కొంటానంటున్నాడు. తేలిక, చప్పుడు తక్కువ, సముద్రం నీళ్లనే పీల్చి చల్లబడుతుంది. వెనకనుంచి సన్నటి ధార పడుతున్నంతసేపూ భయం లేదు. కానీ మన పడవలు రేవులో ఉండవు, ఇసుక మీదికి లాగేవి. నీళ్లు అందకుండా కాసేపు నడిచినా పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. అలలు విరిగేచోట ఇసుక కూడా లోపలికి పోతుంది. పైగా వేటనుంచి వచ్చాక మంచినీళ్లతో కడగాలి. మా పేట కుళాయి దగ్గర బిందెల వరస చూసినవాడెవడూ ఇంజనుకి మంచినీళ్లు పట్టిస్తానని అనడు!

మే 9
ఫిషింగ్ హార్బర్‌లో ఒక ట్రాలర్ పని. డెక్కు కింద గదిలో ఇంజను. అక్కడ గాలి ఇంజను పెడితే వేడి పోయే దారే ఉండదు. కాల్చిన డీజిల్ వేడిలో సుమారు మూడో వంతే షాఫ్టుని తిప్పుతుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టంలో పోతుంది, మిగిలింది ఎవరో ఒకరు మోసుకుపోవాలి. అదే బరువుకి గాలికంటే నీరు నాలుగింతల వేడి పడుతుంది. అదే పరిమాణానికైతే మూడువేల రెట్లు దాటుతుంది.

ఉప్పునీళ్లని నేరుగా బ్లాకులోకి పంపరు. వేడికి ఉప్పు పొరలు కడుతుంది, ఇనుమూ తినేస్తుంది. లోపల కూలెంట్ కలిపిన మంచినీళ్లు తిరుగుతాయి, సముద్రం నీళ్లు పక్క గొట్టాల్లోంచి వెళ్తూ వాటి వేడి పట్టుకుపోతాయి. లారీలో ఆ పని రేడియేటర్ చేస్తుంది. అంటే లారీ వేడి కూడా చివరికి పోయేది గాలిలోకే! థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి ఇంజను మీద లోడు పెరిగినా తగ్గినా వేడి దాదాపు నిలకడగా ఉంటుంది. అందుకే పిస్టన్ సందు బిగువుగా ఉంచగలరు. గాలి ఇంజనుకి ఆ నిలకడ లేదు, సందు కాస్త వదులు, అందుకే చల్లగా ఉన్నప్పుడు టకటక.

మే 21
స్టీల్ ప్లాంటులో చేసే మేనమామ వచ్చాడు. కోక్ ఓవెన్లలోంచి వచ్చే ఎర్రటి కోక్‌ని చాలాచోట్ల నీళ్లు కొట్టి ఆర్పుతారు. మామ వాళ్ల ప్లాంటులో మూసిన గదిలో నత్రజని తిప్పి చల్లారుస్తారు, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. మేం సముద్రంలో పారబోసేదాన్ని వాళ్లు దాచుకుంటున్నారు. కాస్త అసూయ కలిగింది.

జూన్ 11
చిన్నాన్న ఇంజనుకి కొత్త రేకు బిగించాను. ఇసుక మీదే అరగంట నడిపి చూశాం. ఆ సుఖం ఔట్‌బోర్డుకి లేదు. బావమరిది ఇంకా ఊగిసలాటలోనే ఉన్నాడు. గాలి ఇంజన్లో ఆయిలే సగం కూలెంటు, ఎండల్లో త్వరగా పాడవుతుంది. చిన్నాన్న పాతదే వడకట్టి పోయమంటున్నాడు. పోయను. కొత్త డబ్బా డబ్బులు వేట మొదలయ్యాక ఇమ్మన్నాను.